నా గట్ల మీద యుద్ధం

నేను హెల్మండ్ నది నీళ్లు మోసే కాలువను. దక్షిణ అఫ్గానిస్థాన్‌లోని మార్జాలో ఎడారిని సాగుకు తెద్దామని 1950లలో అమెరికా ఇంజనీర్లు గీసిన గీతల వెంట నన్ను తవ్వారు. ఎలా తవ్వారో చెప్పి విసిగించను. తిన్నగా ఉంటానని మాత్రం కాస్త గర్వం. నా ఆయకట్టులో ఊళ్లు వెలిశాయి, గోధుమ పండింది. కొన్నిచోట్ల నీరు ఇంకక ఉప్పు పైకి తేలి నేల చవుడుబారింది. ఆ తిట్లూ నాకే.

తర్వాత యుద్ధం మీద యుద్ధం. ఏటా ఊరంతా కలిసి పూడిక తీసే అలవాటు సడలింది. పిల్లకాలువల్లో రెల్లు మొలిచింది. గోధుమ పోయి, కాయకు గాటు పెడితే పాలు కారే నల్లమందు పంట వచ్చింది. నన్నెవరు అడిగారు? తూము ఎత్తితే పారడమే నా పని.

2010 ఫిబ్రవరి 13. తెల్లవారకముందే హెలికాప్టర్లు దిగాయి. ఆపరేషన్ మొష్తరక్ అట. మార్జానూ పక్కనున్న నాద్ అలీనీ తాలిబన్ల నుంచి లాక్కోవడానికి అమెరికా, బ్రిటన్, అఫ్గాన్ బలగాలు, మొత్తం సుమారు 15,000 మంది. వస్తున్నామని ముందే చాటారు కదా, తాలిబన్లు తీరిగ్గా దారులూ గట్లూ మందుపాతరలతో నింపారు. ఉన్న వంతెనలను నమ్మలేక అమెరికా మెరైన్లు అల్యూమినియం నిచ్చెనలు నా మీద అడ్డంగా వేసి, వీపున బరువుతో తూలుతూ ఒక్కొక్కరే దాటారు. వాళ్ల తాతల నాటి ఇంజనీర్లు గీసిన కాలువే వాళ్లకు అగడ్త అయి కూర్చుంది! నవ్వొచ్చింది. మర్నాడు సంకీర్ణ సేనల రాకెట్లు ఒక ఇంటిమీద పడి 12 మంది పౌరులు చనిపోయారు. ఇక నవ్వలేదు.

ఫిబ్రవరి 25న జెండా ఎగరేశారు. ప్రభుత్వాన్ని పెట్టెలో సర్ది తెచ్చామన్న సంకీర్ణ సేనల అధిపతి జనరల్ మెక్‌క్రిస్టల్, మే నెలకల్లా మార్జాను రక్తమోడే పుండు అన్నాడు. పెట్టె విప్పితే లోపల పనిచేసే మనుషులు తక్కువ మరి.

నిజం చెప్పొద్దూ, ఒక్క మేలు జరిగింది. కుర్రాళ్లు తుపాకులు పట్టకుండా ఉంటారని కూలి ఇచ్చి పూడిక తీయించారు. బురద తట్టలకు తట్టలు గట్టెక్కుతుంటే వీపు గోకినంత సుఖం. డబ్బులున్నన్నాళ్లే ఆ వైభోగం.

2015 చివరికి మార్జా చాలావరకు మళ్లీ తాలిబన్ల చేతుల్లోకి పోయింది. 2021 ఆగస్టులో హెల్మండ్ రాష్ట్రం మొత్తం వాళ్లదైంది. ఎవరొచ్చినా ముందు జెండా కర్రకు గుంత తవ్వుతారు. అదే పారతో నాలుగడుగులు ఇటు వేస్తే నా పూడికా తీయొచ్చు.