విడిందనుకున్నాను

పనిముట్లు కొనే జబ్బుంది నాకు. వాడటం తక్కువ, కొనటం ఎక్కువ. తళతళలాడే స్పానర్ల సెట్టొకటి అటక మీద ఊరికే పడి ఉండేది. అన్నీ మిల్లీమీటర్ల సైజులే. మామగారి పాత పెట్రోలు అంబాసిడర్ మా ఇంటికి చేరాక ఆ సెట్టుకి మోక్షం వచ్చిందనుకున్నాను. అది ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు మన దేశంలో 1957లో పెట్టిన పేరనీ, దొరల అంగుళాల లెక్క దాని నట్లలో ఉండిపోయిందనీ నా బుర్రకు తట్టలేదు.

పెట్రోలు పంపు నుంచి కార్బురేటర్‌కు పోయే సన్నటి పైపు దగ్గర చెమ్మ కనపడింది. నట్టు విప్పి కొత్త పైపు వేస్తే సరి. అరగంట పని అన్నాను మా ఆవిడతో.

తీరా చూస్తే రింగు పానా పెట్టే దారే లేదు. పైపు నట్టు మధ్యలోంచి దూరి పోతోంది, రెండో కొస కార్బురేటర్ దగ్గర బిగించి ఉంది. రింగు ఎటునుంచి తొడుగుతాం? ఇక నోరు తెరిచిన పానాయే గతి అని తేల్చుకున్నాను. 12 ఎక్కలేదు, 13 ఎక్కింది. కాస్త వదులుగా ఆడుతోంది. ఆడితే ఆడనీ, పట్టుకుంది కదా అనుకున్నాను. అది అరంగుళం నట్టు, అంటే 12.7 మిల్లీమీటర్లు.

నోరు తెరిచిన పానా నట్టుకున్న ఆరు ముఖాల్లో రెండింటినే పట్టుకుంటుంది. సందుంటే ఆ రెండు ముఖాల మీదా నిండుగా ఆనదు, బలమంతా మూలల మీదే పడుతుంది. నట్టా, ఇత్తడిది. పైపు దూరటానికి లోపల బోలు. గట్టిగా నొక్కాను. టక్కుమంది. విడిందని సంబరపడ్డాను. పానా తీసి చూస్తే దాని దవడకు పచ్చటి ఇత్తడి పొడి అంటుకుని ఉంది. చెక్కుకుపోయింది మూల.

అక్కడైనా ఆగానా? నా బలం చాల్లేదు కాబోలునని పానా పిడికి ఇనుప గొట్టం తొడిగాను. అదీ జారాక స్క్రూ స్పానర్, ఆపైన పైపు రెంచి. నట్టుకు మూలలంటూ మిగల్లేదు. చివరికి ఏదో తిరిగింది. చూద్దును కదా, పంపుకున్న యూనియనూ నట్టూ కలిసి తిరిగాయి, పైపు పిండిన తువ్వాలులా మెలిపడింది. పెట్రోలు సన్నగా కారటం మొదలైంది. వెలుగు కోసం నేను బానెట్‌కు వేలాడదీసిన పాతకాలం బల్బు, ముట్టుకుంటే చెయ్యి కాలేది, ఆ ధారకు జానెడు దూరంలో ఉంది.

మెకానిక్‌ను పిలవమని మా ఆవిడ మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉంది. నాకు సిగ్గు. సెట్టు చూపించి కోతలు కోసింది ఆయన దగ్గరే మరి.

ఆటోనగర్ నుంచి వచ్చాడు పెద్దాయన. నట్టును చూసి ఏమీ అనలేదు. బల్బును చూసి మాత్రం కేకలేశాడు. “వేడి గాజు మీద చుక్క పెట్రోలు పడితే పగిలిద్ది బాబూ! లోపల తీగ మండతా ఉంటది. ఇంక బండీ ఉండదు, మీరూ ఉండరు.” బల్బు తీయించి, బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, కారినదంతా గుడ్డతో తుడిచాకే పని ముట్టుకున్నాడు.

“పైపు ఎటూ పారేసేదేగా?” అంటూ నట్టును ఆనుకుని పైపును బ్లేడుతో కోసేశాడు. అడ్డం పోయింది. ఆరు పలకల 12 సాకెట్‌ను అరిగిన నట్టు మీద పెట్టి సుత్తితో తట్టి దించాడు. ఇంకో పానాతో యూనియన్‌ను ఎదురు పట్టి కదలనివ్వలేదు. నట్టు కిక్కురుమనకుండా వచ్చేసింది.

తర్వాత సంచిలోంచి తన పానా తీసి చూపించాడు. అరంగుళం రింగు, మందమైనది. పైపు దూరేంత గాడి కోసి ఉంది. ఆ గాడిని పైపు మీదుగా దూర్చి, రింగును నట్టు మీదకు జార్చితే ఐదు ముఖాలు చిక్కుతాయి. కంపెనీలు ఫ్లేర్ నట్ రెంచి అని అమ్మేది ఇలాంటిదే. ఎంతైనా కోసిన రింగు, మరీ గుంజితే నోరు విచ్చుకుంటుంది. అందుకే పలుచటి రింగు పనికిరాదు. పన్నెండు మూలల రింగూ కోయకూడదు, గాడి తీశాక దానికి పట్టు చాలదు. ఇవన్నీ ఆయన చెబుతుంటే శ్రద్ధగా తల ఊపాను.

ఆ సాయంత్రమే నా సెట్టులోంచి ఒక రింగు పానా తీసి వైసులో బిగించి గాడి కోశాను. అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాను. మర్నాడు స్కూటరేసుకుని ఆటోనగర్ వెళ్లి చూపించాను. పెద్దాయన దాన్ని వెలుగుకు ఎత్తి లోపలి మూలలు చూశాడు, పిడి తిప్పి అంకె చదివాడు.

“కోత మాత్రం బాగుంది బాబూ,” అన్నాడు. “పన్నెండు మూలలదే కోశారు. అదీ పదమూడు.”