టాపు మీద పొలుసులు

మా రోజుల్లో కారు రంగుకు జబ్బు చేస్తే ముందే తెలిసేది. అంబాసిడర్ కానీ, ప్రీమియర్ పద్మిని కానీ, రంగంటే డ్యూకో, లేదంటే ఎనామిల్. దాని మీద ఇంకో పొర ఉండేది కాదు. ఎండ నేరుగా రంగునే తినేది. ఒకటి రెండు వేసవులు ఎండలో నిలబడ్డ బండి బానెట్టు మీద వేలు రాస్తే సుద్దపొడిలా అంటుకునేది. ఓనరుకు అది చాలు, బండి షెడ్డుకు తెచ్చేవాడు. రబ్బింగ్ కాంపౌండు పెట్టి, బనియన్ గుడ్డతో రెక్కలు పడిపోయేలా రుద్దేవాళ్లం. చచ్చిన రంగు గుడ్డకు అంటుకుని వచ్చేసేది, కింద బతికున్న రంగు బయటపడేది. పైన మైనం పాలిష్ పట్టిస్తే బానెట్టులో మళ్లీ మన మొహం కనిపించేది.

ఇప్పటి కారుకు ఆ రెండో అవకాశం లేదు. నా బాధంతా అదే. అడుగున రంగు కోటు, దాని మీద రంగులేని క్లియర్ కోటు. మెరుపంతా ఆ పైపొరదే. కంపెనీ వేసే క్లియర్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక అంతకన్నా లావుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే మందులు ఆ పొరలోనే కలిపి ఉంటాయి. ఏళ్ల తరబడి అవి ఎండకు ఖర్చవుతూనే ఉంటాయి, కారు మెరుస్తూనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆ మందుల బలం తగ్గాక కిరణాలు అడుగుదాకా దిగి, క్లియరుకూ రంగుకూ మధ్య పట్టును వదులు చేస్తాయి. ముందు మసక, తర్వాత తెల్లటి మరకలు, ఆ తర్వాత పొలుసులు. ఎప్పుడు చూసినా ముందు పోయేవి టాపు, బానెట్టు, డిక్కీ మూత. ఎండ నిలువునా పడేది వాటి మీదే. అదే కారు తలుపులు చూడండి, నిగనిగలాడుతూ ఉంటాయి.

క్లియర్ కోటును నేను తిట్టను. డ్యూకో కన్నా అది చాలా గట్టిది, పని తెలిసినవాడెవడూ కాదనడు. ఈ మనుషులు మెరుపును చూసి బండిని చూసుకోవడం మానేశారే, నా కోపం వాళ్ల మీద. అప్పట్లో కారు కొనే ముందే దానికో రేకుల షెడ్డు చూసుకునేవారు. ఇప్పుడు లక్షలు పోసి నల్ల కారు కొంటారు, అపార్టుమెంటులో ఒకటే పార్కింగు కాబట్టి రెండో కారును రోడ్డు మీద వదిలేస్తారు. మే నెలలో బెజవాడ ఎండకు నల్ల టాపు 70 డిగ్రీల దాకా కాలగలదు. ఆ వేడి మీద పిట్ట రెట్ట పడిందనుకోండి, అందులో పులుపు ఉంటుంది, మెత్తబడ్డ క్లియరులోకి అది దిగుతుంది. సాయంత్రం చల్లబడేసరికి మచ్చ అక్కడే గట్టిపడిపోతుంది. వెంటనే తడిగుడ్డతో నానబెట్టి తీస్తే పోయేదానికి ఆదివారం దాకా ఆగుతారు.

పొద్దున్నే పొడి డస్టరుతో కార్లు తుడిచే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది. నీళ్లు పోయకుండా తుడిస్తే గీతలు పడవా? ఆ గీతలు పోవాలని నాలుగు నెలలకోసారి మిషను పెట్టి బఫింగు చేయిస్తారు. డ్యూకోకైతే మందం ఉండేది, అరిగినా ఓర్చుకునేది. క్లియరును అరగదీయడమంటే ఎండను ఆపే పొరనే చేజేతులా పలచన చేసుకోవడం. మిట్టమధ్యాహ్నం బోరునీళ్లతో కడిగి, తుడవకుండా ఎండకు ఆరబెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ నీటి ఉప్పు చుక్కచుక్కగా ఎండిపోయి రంగు మీద కూర్చుంటుంది.

సిరామిక్ కోటింగు వేయించాం కదా, ఇక ఎండ భయం లేదంటారు. అది మంచిదే. నీరు జారుతుంది, మురికి తొందరగా అంటదు. అంత పలచటి పూత నీడకు మాత్రం బదులు కాదు. నెలకో రెండు నెలలకో ఓపిగ్గా మైనం పట్టించడం, మెత్తటి తడి మైక్రోఫైబర్ గుడ్డ, నీడ. వీటికి పెద్ద ఖర్చు లేదు, అందుకేనేమో ఎవరూ వీటి ఊసెత్తరు.

మా పనివాళ్లనూ వదలను. రీపెయింటు చేసిన కార్లకే పొలుసులు తొందరగా లేస్తున్నాయి. క్లియరు పలచగా కొట్టడం, హార్డెనరు కొలత తప్పించడం, ఒక కోటుకూ ఇంకో కోటుకూ మధ్య ఆరనివ్వకపోవడం. మా మేస్త్రి బతికుంటే అలాంటి పని చేసిన చేతిలోంచి స్ప్రే గన్ను లాక్కునేవాడు.

పొలుసులు లేచాక పాలిష్ చేయమని వస్తారు. పాలిషుకు అక్కడ ఏం మిగిలింది? ఆ ప్యానెలు మొత్తం వాటర్ పేపరుతో గట్టి అంచు దొరికేదాకా గీయాలి, ప్రైమరు, రంగు, క్లియరు మళ్లీ మొదటినుంచీ కొట్టాలి. ఆ మాట చెబితే మొహాలు ముడుచుకుంటాయి. ముడుచుకోనీ. బండి పగలు ఎక్కడ నిలబెడతారో అడిగి తెలుసుకున్నాకే నేను టాపు పని ఒప్పుకుంటున్నాను.