నూటికి తొంభైతొమ్మిది మంది ధర్మరాజులు

కలికాలంలో ధర్మం ఒంటికాలి మీద కుంటుతోందని పురాణం చెప్పేవాళ్ళు వాపోతుంటారు. వాళ్ళెవరూ ఈబే అనే ఇంటర్నెట్ వేలంశాల చూసినట్టు లేదు. అక్కడ ధర్మం నాలుగు కాళ్ళ మీదా నడుస్తోంది, పైగా పేరు పక్కన నక్షత్రం పెట్టుకుని ఊరేగుతోంది. రెస్నిక్, జెక్‌హౌజర్ అనే ఇద్దరు అమెరికన్ ఆచార్యులు 1999లో అక్కడ జరిగిన వేలాల లెక్కలు తీశారు. కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళ గురించి రాసిన మాటల్లో 99.1 శాతం మెచ్చుకోళ్ళే! వాడేసిన కెమెరాలు, పాత పోస్టుకార్డులు, పిడి ఊడిన పింగాణీ కప్పులు. ముఖం తెలీదు, ఊరు తెలీదు. ముందు డబ్బు పంపి, తర్వాత పార్శిల్ కోసం గుమ్మంలో నిలబడే బేరాలు. ఇన్ని బేరాల్లో నూటికి ఒక్కడు కూడా పెదవి విరవలేదట. మన పెళ్ళిభోజనాల్లో పప్పులో ఉప్పు తక్కువైందనేవాడు పంక్తికొకడైనా తేలతాడే!

అందరూ ధర్మరాజులే, సందేహం లేదు. ఆ ధర్మరాజు కూడా కురుక్షేత్రంలో అవసరమైన మాట గట్టిగా పలికి, ఏనుగు సంగతి గొంతులోనే మింగాడు కదా. ఈ వేలంశాలలో అదే విద్య నూటికి తొంభైతొమ్మిది మందికి పట్టుబడింది.

దీనికంతటికీ మూలపురుషుడు పియర్ ఒమిడ్యార్. 1995 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో ఆక్షన్‌వెబ్ అనే పేరుతో ఈ దుకాణం తెరిచాడు. మొదట అమ్ముడైంది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకి. పాడైందని చెప్పే అమ్మారు, తెలిసే కొన్నారు. ఆ తర్వాత అంత నిజాయితీగల బేరం ఎన్నిసార్లు జరిగిందో ఆ పైవాడికే తెలియాలి. కొద్ది నెలల్లోనే జనం ఒకరిమీద ఒకరు చాడీలు మోసుకొచ్చి ఆయన నెత్తిన కుమ్మరించడం మొదలెట్టారు. మన అధికారి ఎవరైనా అయితే ఫిర్యాదుల పెట్టె తగిలించి, తాళంచెవి పోగొట్టుకుని ఊరుకునేవాడు. ఒమిడ్యార్ అంతకన్నా గడుసు. మీ తగువేదో మీరే నలుగురి ముందూ తేల్చుకోండని 1996 ఫిబ్రవరిలో ఫీడ్‌బ్యాక్ ఫోరం పెట్టాడు. మెచ్చుకుంటే ఒక మార్కు, తిడితే ఒక మార్కు కోత, ఎటూ కాకపోతే సున్నా. పది మార్కులకి పసుపు నక్షత్రం, యాభైకి నీలం, అయిదొందలకి ఊదా, వెయ్యికి ఎరుపు, పదివేలు దాటితే ఏకంగా తోకచుక్క. పోలీసుకి జీతం అక్కర్లేదు, జడ్జికి జీతం అక్కర్లేదు. ఫిర్యాదీ, ముద్దాయీ ఇద్దరూ కూర్చుని ఒకరి తీర్పు ఒకరు రాసుకునేవాళ్ళు. ప్రతి అమ్మకం మీదా కమీషన్ మాత్రం దుకాణానికి. ఇంత చవగ్గా న్యాయస్థానం నడిపిన ప్రభువు చరిత్రలో మరొకడు కనపడడు.

ఆ రోజుల్లో ఈ న్యాయస్థానంలో కేసు ఎలా నడిచేదో చూద్దాం. పార్శిల్ వచ్చింది. కెమెరా బయటికి తీసి కిటికీ వెలుగులో పట్టుకుంటే లెన్సులో సాలెగూడులాగా ఫంగస్. సైటులో పెట్టిన ఫొటోల్లో ఆ ఛాయే లేదు. కొన్నవాడు మండిపడి నెగటివ్ నొక్కబోయాడు. నొక్కబోయి ఆగాడు. తన ఖాతాలో నలభైతొమ్మిది మార్కులున్నాయి, ఇంకొక్కటి పడితే నీలం నక్షత్రం. అమ్మినవాడు ఇంకా తనకి మార్కు వెయ్యలేదు. న్యాయంగా అయితే డబ్బు ముట్టిన రోజే వెయ్యాలి, కొన్నవాడు చెయ్యాల్సింది అక్కడితో అయిపోయింది కదా. కానీ వెయ్యడు. ముందు తన పేరు మీద ఏం పడుతుందో చూస్తాడు. కత్తి ఒరలోనే ఉంటుంది, పిడి మాత్రం అవతలివాడికి కనిపించేట్టు పెడతాడు. కొన్నవాడు రెండు నిమిషాలు ఆలోచించాడు. లెన్సు ఇంకోటి కొనుక్కోవచ్చు, పేరు పోతే ఎక్కడ కొంటాం? ఎనభై అక్షరాలకి మించి పట్టని గడిలో టైపు చేశాడు: “అద్భుతమైన సరుకు! మెరుపులాంటి డెలివరీ! ఏ ప్లస్ ప్లస్ ప్లస్!” కాసేపట్లో అటునుంచి దీవెన దిగింది: “బంగారంలాంటి బయ్యర్! ఏ ప్లస్ ప్లస్ ప్లస్ ప్లస్!” ఒక ప్లస్ ఎక్కువే. ఒంటె అందానికి గాడిద మురిసింది, గాడిద గాత్రానికి ఒంటె తలూపింది. ఆచార్యులు వచ్చి రెండు తలూపుళ్ళూ లెక్కలో రాసుకుని వెళ్ళారు.

ధైర్యం చేసి నెగటివ్ పెట్టినవాడి గతి ఇంకా ముచ్చటైనది. మర్నాటికల్లా వాడి పేరు మీదా ఓ నెగటివ్ పడేది. ఆ వెంటనే రాయబారం: నువ్వు తీసేస్తే నేనూ తీసేస్తాను. ఇద్దరూ ఒప్పుకుంటే రెండు తిట్లూ వాపసు తీసుకునే సదుపాయం ఆ రోజుల్లో దుకాణమే కల్పించింది. కాబట్టి ముందు పోటు పొడవడం, తర్వాత పోటుకి పోటు చెల్లుపెట్టుకోవడం ఒక పద్ధతైపోయింది. మూడోవాడు వచ్చి మార్కులు చూస్తే అక్కడ నెత్తురు మరకే ఉండేది కాదు. వాడు నిశ్చింతగా అదే ఫంగస్ లెన్సు పాడుకునేవాడు.

ఈ చుక్కల కోసం ఎందుకింత పాకులాట అంటారా? చుక్క డబ్బు చేస్తుంది. రెస్నిక్ బృందమే ఇంకో ప్రయోగం చేసింది. పాత పోస్టుకార్డుల వ్యాపారి ఒకాయన, ఒకే రకం కార్డుల్ని తన పలుకుబడి ఉన్న పేరుతోనూ, అప్పుడే పుట్టిన కొత్త పేర్లతోనూ వేలానికి పెట్టాడు. పాత పేరుకి కొనేవాళ్ళు 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారని 2006లో ప్రకటించారు. మంచిపేరుకి రేటు కట్టాక దాన్ని తయారుచేసి అమ్మేవాళ్ళు పుట్టకుండా ఉంటారా? బ్రౌన్, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు అదే ఏడు ఆ సంతనీ బయటపెట్టారు. ఒక్క సెంటుకి ఈ-బుక్. దాన్ని ఎవడూ తెరిచి చదవడు, చదవడానికి రాసిందీ కాదు. కొన్నవాడికి ఒక పాజిటివ్, అమ్మినవాడికి ఒక పాజిటివ్. కూర్చున్న చోటు నుంచి కదలకుండా సాయంత్రానికి నక్షత్రం. ఇలాంటి డౌన్‌లోడ్ సరుకుని వేలంలోంచి బయటికి నెట్టడానికి దుకాణానికి 2008 దాకా పట్టింది. ప్రతి సెంటులోనూ వాటా ఉన్నవాడికి తొందరేం ఉంటుంది లెండి.

ఆ 2008లోనే అసలు ఘట్టం. ప్రతీకార భయంతో కొనేవాళ్ళు నోరు మూసుకుంటున్నారని దుకాణానికి పన్నెండేళ్ళ తర్వాత తెలిసొచ్చింది. మే నెల నుంచి అమ్మేవాళ్ళు కొనేవాళ్ళకి నెగటివ్ గానీ న్యూట్రల్ గానీ పెట్టకూడదని శాసనం చేసింది. ఆ కబురు ముందే తెలిసి ఫిబ్రవరిలో అమ్మకందారులు వారం రోజులు సరుకు పెట్టకుండా సమ్మె కూడా చేశారు. శాసనం మారలేదు. నా మటుకు నాకు ఈ శాసనంలో సగం న్యాయం కనిపిస్తుంది. డబ్బు కట్టేశాక కొన్నవాడు చేసే ద్రోహం పెద్దగా ఏముంటుంది? మిగతా సగం మాత్రం అమ్మేవాళ్ళనే అడగాలి. పాట గెలిచి డబ్బు కట్టకుండా మాయమయ్యేవాడున్నాడు. కొత్త ఫోను కొని, పెట్టెలో పాత ఫోను పెట్టి తిప్పి పంపేవాడున్నాడు. సగం డబ్బు వాపసిస్తావా, నెగటివ్ కొట్టమంటావా అని చనువుగా మెసేజీ పెట్టేవాడున్నాడు. ఇది తప్పని రూల్స్‌లో రాసే ఉంది, రాతకేం కొదవ! దోపిడీకి గురైనవాడు దొంగ గురించి పాజిటివ్ పెట్టాలి, లేదా నోరు మూసుకోవాలి. పాజిటివ్ గుర్తు పెట్టి కింద కడుపులోది కక్కుదామంటే, పాజిటివ్ కింద తిట్లు రాయడమూ నేరమే. నిన్నటిదాకా ఇద్దరి చేతుల్లో కత్తులున్నాయి. ఇవాళ ఒకడి చేతిలో కత్తి, ఇంకొకడి చేతిలో అక్షింతలు.

మధ్యేమార్గం లేక కాదు. ఇద్దరి మాటా సీల్డు టెండర్‌లాగా కవర్లో పెట్టించి, ఒకేసారి విప్పితే ప్రతీకారానికి వేళే ఉండదు. బోల్టన్, గ్రైనర్, ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు ఈ మందుని పరీక్షించి చూశారు కూడా. ఇళ్ళు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ 2014లో అదే పద్ధతికి మారింది. ఈబే పెద్దలు మాత్రం డబ్బు సంచీ ఎటుందో చూసి, అటువైపు నోరు మాత్రమే తెరిచి ఉంచారు.

కత్తి పోయినవాళ్ళలో కొందరు కోర్టు మెట్లెక్కారు. 2013లో ఒహాయోలో జరిగిన వ్యాజ్యం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. వైద్య పరికరాలు అమ్మే కంపెనీ పంపిన పార్శిల్‌కి పోస్టేజీ తక్కువైంది. సౌత్ కరొలైనాలో కొన్నావిడ గుమ్మంలోనే మిగతా 1.44 డాలర్లు కట్టి విడిపించుకుంది. ఆ ముక్కే ఫీడ్‌బ్యాక్‌లో రాసి నెగటివ్ పెట్టింది. డబ్బు తిరిగిస్తాం, మాట తీసెయ్యమంది కంపెనీ. ఆవిడ తియ్యలేదు. దాంతో పరువునష్టం దావా! ఆవిడ రాసింది నిజమేనా అని అడిగితే, నిజమేనని కంపెనీ తరఫువాళ్ళే ఒప్పుకున్నారు. విషయం దేశమంతా పొక్కాక క్షమాపణ చెప్పి దావా వాపసు తీసుకున్నారు. 1.44 డాలర్ల దగ్గర మొదలైన నష్టం ఎక్కడ తేలిందో లాయర్ల బిల్లులు చూసినవాళ్ళకే తెలియాలి.

మనవాళ్ళు ఈ వేలాల మీద అంతగా మోజుపడలేదు. మన బాజీ డాట్ కామ్‌ని ఈబే 2004లో కొంది, 2018లో ఈబే ఇండియా మూతపడింది. పాట పోయింది, చుక్కల పిచ్చి మాత్రం మిగిలింది. ఇప్పుడు పార్శిల్ విప్పితే సరుకుకన్నా ముందు చీటీ రాలుతుంది: ఐదు స్టార్లు పెట్టి, స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేస్తే వంద రూపాయలు వాపసు. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ సమీక్షలకి కూడా ఐఎస్ 19000 అని ఓ ప్రమాణం రాసింది. ప్రెషర్ కుక్కర్‌కి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, సమీక్షకి మాత్రం ఎవరిష్టం వారిది. కుక్కర్ పేలితే చప్పుడు వినపడుతుంది మరి.

అయితే ఈ భజనలో నిజం చెప్పినవాళ్ళు అసలు లేరా? ఉన్నారు. నోరు విప్పనివాళ్ళు. 1999లోనే కొన్నవాళ్ళలో దాదాపు సగం మంది ఏమీ రాయలేదు. ఫంగస్ లెన్సు చూసి, పోట్లాట ఎందుకని గమ్మున ఊరుకున్నవాళ్ళంతా ఆ సగంలోనే ఉంటారు. 2015లో నోస్కో, టాడెలిస్ అనే ఆర్థికవేత్తలు ఈబే లోపలి లెక్కలే ముందు పెట్టుకుని చూశారు. అమ్మకందారుల సగటు మంచితనం 99.3 శాతం. వరసలో సరిగ్గా మధ్యనున్నవాడిది నిండా నూరు. అప్పుడు వాళ్ళు పాజిటివ్‌లని వచ్చిన అభిప్రాయాలతో కాకుండా, జరిగిన మొత్తం అమ్మకాలతో భాగించారు. మాట్లాడనివాడి మౌనాన్నీ లెక్కలోకి లాగారు. మన పెద్దలు మౌనం అర్ధాంగీకారం అన్నారు గానీ, అక్కడ అది ముప్పాతిక తిట్టు అని తేలింది. ఈ కొత్త లెక్కలో బాగున్న అమ్మకందారుల్ని వెతుకులాటలో పైన చూపిస్తే, కొన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చారు. కానీ ఆ లెక్క బయటి పేజీకి ఎక్కలేదు. జనానికి కనిపించింది 99.3.

ఇంకో వింత. 2007లో కొనేవాళ్ళ చేతికి చుక్కల ప్రశ్నలు నాలుగిచ్చారు: సరుకు చెప్పినట్టే ఉందా, మాటామంతీ బాగుందా, తొందరగా పంపాడా, పోస్టేజీ న్యాయంగా వేశాడా. 2011లో దుకాణం అమెరికాలో పోస్టేజీ మీద కూడా కమీషన్ పట్టుకోవడం మొదలెట్టింది. ఆ కోత పూడ్చుకోవడానికి అమ్మేవాడు పోస్టేజీ ఓ డాలరు పెంచాడనుకోండి, కొన్నవాడు నాలుగో ప్రశ్న దగ్గర రెండు చుక్కలు కోసేస్తాడు. పెరిగిన డాలర్లోనూ దుకాణానికి వాటా ముడుతుంది. చుక్కలు మాత్రం అమ్మేవాడి ఖాతాలోంచే రాలతాయి. దుకాణం గురించి ఐదో ప్రశ్న ఆ పేజీలో పెట్టలేదు.