ఎండకూ ఓ దరఖాస్తు

ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటే ‘పీఎం సూర్యఘర్’ కింద కేంద్రం 78 వేల రూపాయల దాకా రాయితీ ఇస్తోంది.
కప్పు మాత్రం మనమే తెచ్చుకోవాలి!

1 కిలోవాట్‌కు 30 వేలు. 2 కిలోవాట్లకు 60 వేలు. 3 దాటాక ఎన్ని బిగించినా 78 వేలే.
సూర్యుడికి హద్దుల్లేవు, ఖజానాకు ఉన్నాయి.

అద్దెకున్నాయన ఆశపడి మేడ మీది జాగా అడిగాడు.
“అక్కడ వడియాలు పెడుతున్నాం బాబూ” అంది ఓనరమ్మ.

అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్లు నలభై, టెర్రస్ ఒక్కటే.
ఎండను వాటాలు వేయడానికి సంఘం మీటింగు పెట్టారు. తేలేలోగా పొద్దు గుంకింది.

తెలంగాణలో తెల్లకార్డు ఇంటికి 200 యూనిట్ల లోపు ‘గృహజ్యోతి’ జీరో బిల్లు.
బిల్లే రాని ఇంటికి బిల్లు తగ్గించే ప్యానెల్ అమ్మాలి.
బట్టతలకు దువ్వెన మీద డిస్కౌంటు!

ఇంతకీ పథకం పూర్తి పేరులో ‘ముఫ్త్ బిజ్లీ’ అని ఉంది. ముఫ్త్ అంటే ఉచితం.
ముందు సొమ్ము మనం పెట్టాలి. ప్యానెళ్లు బిగించాలి. నెట్ మీటరు రావాలి. తనిఖీ కావాలి. అప్పుడు రాయితీ ఖాతాలో పడుతుంది.
అప్పు చేసి పెట్టుకుంటే ఆ ఉచితానికి నెల వాయిదా ఎంతో బ్యాంకువాళ్లు చెబుతారు.

మేడ మీద ఓనరమ్మ వడియాలు మాత్రం గలగలా ఎండిపోయాయి.
దరఖాస్తు లేదు, మీటరు లేదు, తనిఖీకి వచ్చింది ఒక్క కాకే!