తప్పు జట్టుకు కొట్టిన చప్పట్లు

ఫుట్‌బాల్ విషయంలో నాకు కాళ్ళతో ఎన్నడూ పని పడలేదు, నోరే సరిపోయింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిందనీ, మన రహీం సాబ్ శిక్షణలో భారత్ 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిందనీ, ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం మా సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడేననీ దొరికిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరివాణ్ణి కూడా వదల్లేదు.

2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. గోవాలో, ఫతోర్దా స్టేడియంలో, హైదరాబాద్ ఎఫ్‌సీకీ కేరళ బ్లాస్టర్స్‌కీ మధ్య. మా పై ఫ్లాట్ మలయాళీ మాస్టారు మ్యాచ్ చూద్దాం రమ్మన్నారు. మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన పసుపు చొక్కా వేసుకుని కూర్చున్నారు. కేరళవాళ్ళ రంగు పసుపని నాకు తెలుసు. తెలిసిందల్లా అదే.

టీవీలో స్టాండ్లన్నీ పసుపు. అందరూ కేరళ అభిమానులే. కోవిడ్ వల్ల రెండేళ్ళుగా ఖాళీ స్టేడియాల్లో జరిగిన లీగుకు ఆ రోజు జనం వచ్చారు, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కేరళ అభిమాన సంఘం ‘మంజప్పడ’ వాళ్ళే. మైదానంలో ఒక జట్టు పసుపు చొక్కాల్లో, ఇంకోటి నల్లచొక్కాల్లో ఉంది. పసుపు కేరళ అయితే నలుపు మనదే కదా! లెక్క అయిపోయింది. ఇక ఆట చూడాల్సిన పని లేదనుకుని రహీం సాబ్ కథ మొదలుపెట్టాను.

అసలు సంగతేమిటంటే హైదరాబాద్ జట్టు రంగు కూడా పసుపే. లీగ్ దశలో మనవాళ్ళది రెండో స్థానం, కేరళది నాలుగోది. పై స్థానంలో ఉన్నందుకు సొంత రంగు వేసుకునే హక్కు మనకు దక్కింది, కేరళ నల్లచొక్కాలతో దిగింది. ఇది పేపర్లలో వచ్చింది కూడా. చదివితే కదా!

68వ నిమిషంలో నల్లచొక్కా రాహుల్ దూరం నుంచి కొట్టాడు. గోల్‌కీపర్ చేతికి తగిలి కూడా బంతి లోపలికి పోయింది. నేను సోఫాలోంచి లేచి చప్పట్లు కొట్టాను, ఈల కూడా వేశాను. మాస్టారు నన్ను కావలించుకున్నారు. ‘‘ఎంత పెద్ద మనసండీ మీది!’’ అన్నారు. ఓడిపోతూ కూడా ఈయనకు ఎంత క్రీడాస్ఫూర్తి అని నేను ఆయన గురించి అనుకున్నాను. వాళ్ళావిడ ఇంకో పళ్ళెం అరటికాయ చిప్స్ పెట్టారు.

88వ నిమిషంలో, మార్పు ఆటగాడిగా వచ్చిన సాహిల్ తవోరా దూరం నుంచి వాలీ కొట్టి స్కోరు సమం చేశాడు. నేను నెత్తిమీద చేతులు పెట్టుకున్నాను. మనవడు నా చొక్కా లాగి, ‘‘తాతయ్యా, మనవాళ్ళు గోల్ కొడితే ఏడుస్తావేంటి?’’ అన్నాడు. అప్పుడు తెర మూలనున్న అక్షరాలు చదివాను.

అక్కడే నిజం ఒప్పుకుని ఉంటే నవ్వుకుని మరచిపోయేవాళ్ళం. నేను ఒప్పుకోలేదు. ‘‘ఆట ఎవరిదైతేనేం మాస్టారూ, మంచి గోల్‌కు చప్పట్లు కొట్టాలి’’ అన్నాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా తెలివితక్కువతనం కన్నా ఆ వాక్యమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఇక పెనాల్టీలు. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గోవావాడే. 2015లో ఇదే మైదానంలో, ఇదే లీగ్ ఫైనల్లో, గోవా తరఫున ఆడుతూ చివరి నిమిషాల్లో బంతిని తన గోల్‌లోకే పంపించుకుని కప్పు పోగొట్టుకున్న మనిషి. ఈసారి మూడు ఆపాడు. నిషు కుమార్ కొట్టింది ఆపితే, గీత దాటి ముందుకొచ్చావని రిఫరీ మళ్ళీ కొట్టించాడు, అదీ ఆపాడు. 3-1తో కప్పు మనది. కేరళకు అది మూడో ఫైనల్ ఓటమి. మాస్టారు మౌనంగా నాకు చెయ్యి అందించారు. అంతవరకూ పెద్దమనసు వేషం వేసినవాణ్ణి కదా, గంతులు వెయ్యలేకపోయాను. మన ఊరు దేశమంతటా గెలిచిన రోజున నోరు మూసుకుని చిప్స్ తిన్నాను.

మర్నాటి నుంచి ‘మా జట్టు’ అన్నాను. ఆ తర్వాత డబ్బుల కటకట వచ్చింది, విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, 2023-24లో లీగ్‌లో 22 మ్యాచులాడి ఒక్కటే గెలిచారు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ‘మా జట్టును ఎత్తుకుపోయారు’ అని అందరి దగ్గరా వాపోయాను, మాస్టారి దగ్గర కూడా. గచ్చిబౌలి స్టేడియంలో ఆ జట్టు ఆడిన ఒక్క మ్యాచ్‌కీ నేను టికెట్ కొనలేదు.