ఎలివేషన్ అన్న

ఇంటికొచ్చిన మనిషి మంచినీళ్లు తాగి మన మొహం వైపు చూస్తాడు. ఎలివేషన్ అన్న గోడ వైపు చూస్తాడు. లేచి, డాక్టరు పొట్ట మీద తట్టి చూసినట్టు, వేలి కణుపులతో గోడను రెండు చోట్ల తట్టి, "రాయేనా, ఇటుకా?" అంటాడు. మనం జవాబు వెతుక్కునేలోపు ఆయన మనసులో వంటింటి గోడ లేచిపోయి ఉంటుంది.

మార్కాపురంలో ఈ అన్న ఉన్నాడు. గిద్దలూరులో ఉన్నాడు, కంభంలోనూ ఉన్నాడు. ఒకప్పుడు కొందరు రంగుల కొట్టు నడిపారు, కొందరు బీమా పాలసీలు కట్టించారు. ఇప్పుడందరిదీ ఒకటే మాట: ఎలివేషన్. ఇంటి ముందు భాగాన్ని అలా అంటారని మనకు తెలుసు. అన్న పెళ్లిచూపులకు వెళ్లొచ్చి కూడా, "పిల్లోడి ఎలివేషన్ బాగుందిబ్బా, లోపల ప్లానే తేడా" అన్నాడు.

వ్యాపారం సులువైంది. కొడుకులు బెంగళూరులోనో హైదరాబాదులోనో స్థిరపడి, ముసలమ్మ ఒక్కతే ఉంటున్న పాత మిద్దె చూస్తాడు. బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటాడు. గడువు మూడు నెలలు. "పెద్దమ్మా, ఊరికే సున్నం కొట్టిస్తా" అని మొదలుపెట్టి పుట్టీ, ప్రైమరు, ఫాల్స్ సీలింగు, దానిచుట్టూ నీలం లైట్ల పట్టీ దాకా పోతాడు. గడువు తీరేలోపు మూడో మనిషిని తెచ్చి, పెద్దమ్మ చేతే నేరుగా అతనికి రిజిస్ట్రేషన్ చేయిస్తాడు. మధ్యలో మిగిలింది అన్నది. ఏ దస్తావేజులోనూ అన్న పేరుండదు. ఊళ్లో సగం ఇళ్లు ఆయన చేతి మీదుగా పోయాయి గానీ స్టాంపు డ్యూటీ మాత్రం ఆయన గడప తొక్కలేదు.

2025 చివర్లో మార్కాపురం జిల్లా అయ్యాక అన్నను పట్టుకోవడం కష్టమైంది. మా నాన్న పుట్టింది కర్నూలు జిల్లాలో. 1970లో కొత్త జిల్లా కట్టి మమ్మల్ని ఒంగోలుకు కలిపారు కాబట్టి నేను ప్రకాశం వాణ్ణయ్యాను. మా మనవడిది మార్కాపురం జిల్లా. ముగ్గురం పుట్టింది ఒకే ఇంట్లో, ఒకే గదిలో. ఆ గది ఇప్పుడు జిల్లా కేంద్రంలో ఉందనీ, దాని విలువ నాకు తెలియడం లేదనీ అన్న బాధ. ఏ స్థలం అమ్మాలనుకుంటే కలెక్టరాఫీసు దాని పక్కనే వస్తుంది. నేను లెక్క పెట్టినంతవరకు అన్న ఊళ్లో పదకొండు కలెక్టరాఫీసులు కట్టాడు. కొనేవాడు నమ్మకపోతే వెలిగొండను తెస్తాడు. 1996లో శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు, ఒక్కోటీ 18 కిలోమీటర్లకు పైబడిన రెండు సొరంగాలు. "నీళ్లొచ్చాక ఈ రేటుకు బాత్రూం కూడా రాదు సార్."

విద్య అంతా ఫోన్లోనే నేర్చాడు. అమెరికాలో 2013లో మొదలైన 'ఫిక్సర్ అప్పర్' అంటే ప్రాణం. టెక్సాస్‌లోని వేకో ఊళ్లో మొగుడూపెళ్లాలిద్దరు పాడుబడిన ఇళ్లు బాగుచేసే కార్యక్రమం. ఆ మొగుడు సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ కొడితే గోడ అవతలికి పడుతుంది. అన్న కూడా కళ్లద్దాలు పెట్టుకుని, మేనల్లుడి చేత వీడియో తీయిస్తూ, ఒక మిద్దెలో సుత్తి ఎత్తాడు. అమెరికా గోడ చెక్క చట్రానికి కొట్టిన జిప్సం అట్ట. ఇది రెండడుగుల రాతిగోడ. సుత్తి కామ విరిగింది, అన్న భుజం పట్టేసింది, గోడకు మాత్రం సున్నం రాలింది. వీడియోలో చివరికి వినిపించేది పెద్దమ్మ గొంతే: "నిదానంగా నాయనా, మా మామ కట్టింది."

తర్వాత కూలీలను పెట్టి నాలుగు రోజుల్లో కొట్టించి ఓపెన్ కిచెన్ చేశాడు. ఇప్పుడా ఇంట్లో తాలింపు వేస్తే హాల్లో టీవీ చూసేవాళ్లు దగ్గుతారు.

అసలు సంగతి నేల దగ్గరుంది. మార్కాపురం పలకల ఊరు. ఎన్ని తరాల పిల్లలు ఓనమాలు దిద్దారో ఈ రాతి మీద. నోటు పుస్తకాలొచ్చి, ప్లాస్టిక్ పలకలొచ్చి బడి పలక పడిపోయింది. ఆ రాయే బిళ్లలై ఓడలెక్కి పరాయి దేశాల ఇళ్ల గోడలకు, కప్పులకు అతుక్కుంది. అక్కడ దాన్ని చూసి మురిసిపోతారట. ఇక్కడ అన్న ఆ పలకబండల్ని గడ్డపారతో లేపి లారీకెక్కిస్తాడు, బెంగళూరు విల్లాల వాళ్లకు. ఖాళీ అయిన నేల మీద గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ పరుస్తాడు. ఏ డిజైనని అడిగాను. పెట్టె విప్పి గర్వంగా చూపించాడు. పలకరాయి డిజైను.

"అసలుదే ఉంది గదన్నా?"

"అది పాతది కదబ్బా."

ఇల్లు ముస్తాబైతే వీధి ఊరుకోదు. పక్క వరండాలో ఇడ్లీలమ్ముకునే ఆమెకు అద్దె పెరిగింది. ఆమె బైపాసు వైపు వెళ్లింది. టైలరు తర్లుపాడు రోడ్డు పట్టాడు. లండన్ కూలివాడల్లోకి కలిగినవాళ్లు చేరి పాతవాళ్లను సాగనంపడం చూసి, 1964లో రూత్ గ్లాస్ అనే ఆవిడ దానికి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టింది. అందులో ఉన్న జెంట్రీ అంటే పెద్దమనుషులే. మా వాళ్లు అంత శ్రమ పడలేదు. "వీధికి రేటొచ్చింది" అంటారు, జ్వరమొచ్చింది అన్నట్టు.

మొన్న అన్న ఓ ఇల్లు చూపిస్తుంటే నేనూ వెళ్లాను. బెంగళూరు నుంచి వచ్చిన సార్ ఫోటోలు తీసుకుంటున్నాడు. వాకిట్లో పాత రోలు, అందులో ప్లాస్టిక్ గులాబీలు. ఇంతలో ఆటో ఆగింది. ఇంటామె దిగింది. ఇల్లు చూసి, "ఈ వీధేనా?" అని ఆటో అబ్బాయిని అడిగింది. రోలు కనబడ్డాక గుర్తుపట్టింది. గులాబీలన్నీ ఏరి గేటు మీద పెట్టి, "పట్టు నాయనా" అంది ఆటో అబ్బాయితో.

అన్న పరిగెత్తాడు. "పెద్దమ్మా, అగ్రిమెంటులో ఏం రాసుకున్నాం? నిధి, నిక్షేప, జల, తరు, పాషాణ... పాషాణమంటే రాయే గదా!"

"పాషాణం నువ్వుంచుకో నాయనా. రోలు నాది."

ఇద్దరూ కలిసి రోలును దొర్లించి, ఆటోలోకెత్తారు. ఆటో వెనక్కి వంగి కదిలిపోయింది. సార్ ఫోను దించి, "అది లేకపోతే ముందంతా బోసిగా ఉందే" అన్నాడు.

"ఫైబర్‌వి దొరుకుతాయి సార్" అన్నాడు అన్న, గులాబీలు ఏరుకుంటూ. "అసలు దానికన్నా రాయిలా ఉంటాయి."