సర్వేకూ తరుగుంటది

అభిప్రాయ సర్వేకు మూలసూత్రం వంటింట్లోనే ఉంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి గిన్నెంతా తినక్కర్లేదు, ఒక్క మెతుకు నలిపి చూస్తే చాలు. కాకపోతే ముందు గిన్నె కలియబెట్టాలి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక ఇరవై లక్షలకు పైగా మెతుకులు నలిపి, లాండన్ గెలుస్తాడని తేల్చింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక పట్టినవి ఎక్కువగా ఫోన్లూ కార్లూ ఉన్న ఇళ్ల మెతుకులు.

బ్రిటన్‌లో చిక్కు మెతుకుది మాత్రమే కాదు, మొహమాటానిది కూడా. 1992లో అక్కడి సర్వేలు లేబర్ పార్టీ వైపు మొగ్గాయి. జాన్ మేజర్ నాయకత్వంలోని కన్సర్వేటివ్‌లు (టోరీలు) 21 సీట్ల మెజారిటీతో తిరిగొచ్చారు. టోరీలకు ఓటేస్తూ ఆ మాట బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడే ఓటరే కారణమని కొందరు పండితులు తేల్చి, ‘సిగ్గరి టోరీ’ అని పేరు పెట్టారు.

నల్లగొండ జిల్లా కేతేపల్లి ఓటరుకు సిగ్గు లేదు, అనుభవం ఉంది. అక్కడ మూసీ ఆయకట్టు వరి కోతలూ శాసనసభ ఎన్నికలూ ఈమధ్య ఒకే రుతువులో పడుతున్నాయి. 2023లో పోలింగ్ నవంబర్ 30న జరిగింది. ఓట్లూ వడ్లూ కలిసే కల్లానికొచ్చాయి. అలాంటి రోజుల్లో ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు హైవే దిగి వడ్ల కొనుగోలు కేంద్రానికి వస్తే, దొరికేది కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ముసలాయనే.

“ఎవరికేస్తావ్ తాతా?”

“నీకెవలు గావాలె బిడ్డా? గాల్లనే రాసుకో.”

ఈ జవాబుకు ట్యాబ్‌లో గడి ఉండదు. అది ‘చెప్పలేను’ కింద పడుతుంది. తాత చెప్పలేక కాదు, కుర్రాణ్ని ఎవరు పంపారో తేలక చెప్పలేదు. పింఛనూ పెట్టుబడి సాయమూ మనసులో మెదిలే మనిషి, అడిగినవాడు ఎవరి తాలూకో తెలియకుండా నోరు జారడు.

తాత ముందున్న తేమ మిషన్‌కు కూడా సర్వే లక్షణాలే. పదిహేడు శాతం లోపు చూపించినా సరే, మిల్లు దగ్గర తరుగు తీస్తారన్న భయం రైతుకు పోదు. సర్వే తరుగును ‘ప్లస్ ఆర్ మైనస్’ అంటారు. తేడా ఏమిటంటే వడ్ల తరుగు అమ్మినవాడికి నష్టం, సర్వే తరుగు అమ్మినవాడికి రక్ష. సర్వే జోస్యాలకు ‘ఆంధ్రా ఆక్టోపస్’గా పేరుపడ్డ మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్, 2018లో తెలంగాణలో కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రజాకూటమికి 65 సీట్లు, టీఆర్‌ఎస్‌కు 35 అని చెప్పి, రెండింటికీ పదేసి తరుగు పెట్టారు. టీఆర్‌ఎస్‌కు వచ్చినవి 88. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి వంద అన్నారు, వచ్చినవి 23. ఆ తర్వాత సర్వేలకు సెలవు ప్రకటించారు. ఈ వ్యాపారంలో అంత నిజాయితీ అరుదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఎన్డీయేకు 361 నుంచి 401 దాకా ఇచ్చిన యాక్సిస్ మై ఇండియా అధిపతి ప్రదీప్ గుప్తా, లెక్క 293 దగ్గర ఆగేసరికి టీవీలో కన్నీళ్లు పెట్టుకున్నారు. వడ్లు వానకు తడిసినప్పుడు రైతు ఏడుపుకు అంత ప్రసారం దొరకదు.

నిజం చెప్పాలంటే 2023లో తెలంగాణలో ఎక్కువ ఎగ్జిట్ పోల్స్ కాంగ్రెస్‌కే మొగ్గు చూపాయి, అలాగే జరిగింది. సరిపోతే శాస్త్రం, తప్పితే ‘సైలెంట్ ఓటు’. పోలింగ్ ముగిసి అరగంట గడిచేదాకా ఎగ్జిట్ పోల్స్‌ను ప్రకటిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 126ఏ ప్రకారం రెండేళ్ల వరకు జైలు. అరగంట తర్వాత ఎంత తప్పు చెప్పినా ఆ సెక్షన్ పట్టించుకోదు.

సర్వే ప్రశ్నల్లో బ్రిటన్‌లోనూ ఇక్కడా గట్టిగా నమ్మేది ఒకటుంది: పోయినసారి ఎవరికి ఓటేశారు? కేతేపల్లి ఉన్న నకిరేకల్ నియోజకవర్గంలో ఈ ప్రశ్నే కుంటుతుంది. 2014లో టీఆర్‌ఎస్ నుంచి వేముల వీరేశం, 2018లో ఆయన్ను ఓడించి కాంగ్రెస్ నుంచి చిరుమర్తి లింగయ్య గెలిచారు. 2019లో లింగయ్య టీఆర్‌ఎస్‌లో చేరారు. 2023లో వీరేశం కాంగ్రెస్‌కు వచ్చారు. ఆ ఏడాది పార్టీని వదలని కాంగ్రెస్ ఓటరు, పోయినసారి తాను ఓడించిన మనిషికి ఓటేశాడు. లింగయ్యను వదలని ఓటరు, పోయినసారి తాను ఓడించిన పార్టీకి వేశాడు. ట్యాబ్ లెక్కలో మొదటివాడు నిలకడ గలవాడు, రెండోవాడు మాట మార్చినవాడు. వీరేశం 68 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.